నీళ్ల మోతను గంటల్లో కొలవడం: ఆడవాళ్ల కాలాన్ని వాళ్లకు తిరిగి ఇచ్చే నీటి ఏర్పాటు ఎలా చేయాలి

తాగునీటి పథకం గురించి మాట్లాడేటప్పుడు ఎన్ని కుళాయిలు పెట్టారు, ఎంత దూరం గొట్టం వేశారు, ట్యాంకులో ఎన్ని వేల లీటర్లు పడతాయి అన్న లెక్కలే ముందుగా వినిపిస్తాయి. ఆ నీళ్లు ఇంటి గడప దాటి లోపలికి రావడానికి ఎవరి రోజులో ఎన్ని గంటలు పోతున్నాయన్న లెక్క మాత్రం చాలా దస్త్రాల్లో కనిపించదు. నీటికీ పేదరికానికీ మధ్య ఉన్న ముడి మాత్రం ఆ గంటల్లోనే పడింది. ఇంటి ఆవరణలో నీటి వసతి లేని కుటుంబాల్లో సుమారు 180 కోట్ల మంది జీవిస్తున్నారని, అటువంటి ప్రతి పది కుటుంబాల్లో ఏడింటిలో నీళ్లు తెచ్చే బాధ్యత ఆడవాళ్లదేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి 2023లో ప్రకటించాయి. ప్రపంచమంతటా ఆడవాళ్లు, ఆడపిల్లలు నీళ్లు తేవడానికే రోజుకు 20 కోట్ల గంటలు వెచ్చిస్తున్నారని యునిసెఫ్ 2016లో లెక్క కట్టింది.

ఒక ఊళ్లోనో, బస్తీలోనో, పునరావాస శిబిరంలోనో ఈ గంటలను కొలిచి తగ్గించాలనుకునేవారి కోసం ఈ వ్యాసం రాస్తున్నాను. పూనుకునేది స్థానిక సంఘమైనా, స్వచ్ఛంద సంస్థ అయినా, ప్రభుత్వ విభాగమైనా పని జరిగే క్రమం ఇంచుమించు ఒకటే.

ముందు ఒక్క ఇంటి లెక్క వేయండి

ఊరంతటి గణాంకాల జోలికి వెళ్లకముందు ఒక్క ఇంటి రోజును కాగితం మీద పెట్టడం మంచిది. ఐదుగురున్న ఇల్లు అనుకుందాం. మనిషికి రోజుకు 20 లీటర్ల చొప్పున ఆ ఇంటికి 100 లీటర్లు కావాలి. ఇది తాగడానికి, వండుకోవడానికి, కాళ్లూ చేతులూ కడుక్కోవడానికి సరిపోయే కొలతే తప్ప బట్టలుతుక్కోవడానికీ స్నానాలకూ నిండుగా వచ్చేది కాదు. 20 లీటర్ల క్యానుతో తెస్తే ఐదు విడతలు అవుతుంది. ఖాళీ క్యానుతో వెళ్లడానికి 10 నిమిషాలు, వరుసలో 15, నింపుకోవడానికి 3, బరువుతో తిరిగి రావడానికి 12 అనుకుంటే ఒక్కో విడతకు 40 నిమిషాలు పడుతుంది. ఐదు విడతలకు 200 నిమిషాలు, అంటే మూడు గంటల ఇరవై నిమిషాలు. ఏడాదికి 1,216 గంటలు, ఎనిమిది గంటల పనిదినాల్లో చెప్పాలంటే 152 రోజులు. ఇక మోత సంగతి. 20 లీటర్ల నీళ్లు 20 కిలోలు తూగుతాయి, పాత్ర బరువు దానికి అదనం. అంటే ఆ మనిషి రోజుకు 100 కిలోలకు పైగా తలమీదో, నడుముమీదో, చేతిలోనో పెట్టుకుని నడుస్తోంది. ఆమె గర్భిణి కావచ్చు, బాలింత కావచ్చు, పన్నెండేళ్ల పిల్ల కూడా కావచ్చు.

అంతర్జాతీయ కొలమానాలను జాగ్రత్తగా వాడాలని చెప్పడానికే ఈ లెక్కను ముందు పెట్టాను. మెరుగైన నీటి వనరు (బయటి మురికి చేరకుండా కట్టిన కుళాయి, బోరు, మూసిన బావి వంటిది) ఉండి, పోయి రావడానికీ వరుసలో నిలబడడానికీ కలిపి 30 నిమిషాలు దాటకపోతే ఆ ఇంటికి కనీస తాగునీటి సేవ అందుతున్నట్టుగా ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ లెక్కిస్తాయి. కానీ ఆ 30 నిమిషాలు ఒక్క విడతకు సంబంధించినవి. విడతకు 28 నిమిషాల చొప్పున రోజుకు ఐదుసార్లు తిరిగే ఇల్లు కూడా ఆ పట్టికలో గట్టెక్కినట్టే ఉంటుంది, నిజానికి అక్కడ రోజుకు రెండు గంటల ఇరవై నిమిషాలు పోతున్నా సరే. కాబట్టి మీ పుస్తకంలో ఒక విడతకు పట్టే సమయాన్నీ, రోజుకు ఎన్ని విడతలన్నదాన్నీ రెండు వేర్వేరు గడుల్లో రాయండి.

ఎవరిని అడగాలి, ఎలా అడగాలి

సర్వే చేసేవారు ఇంటి యజమానిని అడగడం అలవాటు. నీళ్లు మోయని మనిషి చెప్పే సమాధానం తరచుగా తక్కువకు పోతుంది. "పక్కనే కదా, పావుగంట" అన్న మాటను నేను ఎప్పుడూ లెక్కలోకి తీసుకోను. మోసే మనిషినే అడగాలి, వీలైతే ఆమె ఒక్కరే ఉన్నప్పుడు, అడగడానికి ఆడవాళ్లనే పంపించి.

"మామూలుగా రోజుకు ఎన్నిసార్లు వెళ్తారు?" అన్న ప్రశ్నకన్నా "నిన్న తెల్లవారినప్పటినుంచి పడుకునే వరకు ఎన్నిసార్లు వెళ్లారు, ఎవరెవరు వెళ్లారు?" అన్న ప్రశ్న నమ్మదగిన జవాబును రాబడుతుంది. నిన్నటి రోజు మనసులో ఇంకా తాజాగా ఉంటుంది. మామూలు రోజు అనేది ఎవరికివారు ఊహించుకునేది. ప్రతి పది ఇళ్లలో ఒక ఇంటివారితో కలిసి గడియారం పట్టుకుని నిజంగా నడవండి. వాళ్లు చెప్పిన సమయానికీ, మీకు పట్టిన సమయానికీ ఉన్న తేడా తెలిస్తే మిగతా జవాబులను ఎంత సవరించుకోవాలో అర్థమవుతుంది. ఈ కొలతలు ఎండాకాలంలో ఒకసారి, వానలు పడ్డాక ఒకసారి తీయాలి. ఒక్కసారే తీయగలిగితే ఎండాకాలాన్నే ఎంచుకోండి.

గంటలు అడిగాక ఇంకొన్ని విషయాలు అడగాలి. నీళ్లకోసం ఏ పని ఆగిపోయింది, నీళ్లు చాలని రోజు ఇంట్లో ఎవరు తక్కువ వాడుకున్నారు, బహిష్టు రోజుల్లో ఏం చేశారు, చీకట్లో వెళ్లాల్సి వచ్చిందా, వరుసలో గొడవలయ్యాయా, దారిలో ఎవరైనా వేధించారా. ఈ చివరి ప్రశ్నను గుంపులో అడిగితే జవాబు రాదు. ఇటువంటి అనుభవాలను అంకెల్లోకి మార్చడానికి 2019లో ప్రచురితమైన గృహ నీటి అభద్రతా కొలమానం ఒకటి ఉంది. గడచిన నాలుగు వారాల గురించి అందులో పన్నెండు ప్రశ్నలు ఉంటాయి. ఒక్కో జవాబుకు 0 నుంచి 3 వరకు మార్కులు వేసి, మొత్తం 36లో 12 గానీ అంతకు మించి గానీ వస్తే ఆ ఇల్లు నీటి అభద్రతలో ఉన్నట్టు లెక్కిస్తారు. ఊరికీ ఊరికీ పోల్చి చూడాలనుకునేవారికి ఇది పనికొస్తుంది. ఒక్క ఊరి సంగతే చూసుకునేవారికి పైన చెప్పిన ప్రశ్నలు చాలు.

కాలం నడకలో పోతోందా, వరుసలో పోతోందా

సమయాన్ని నడక, వరుస, నింపడం అని మూడు ముక్కలుగా విడదీసి రాసుకుంటే చికిత్స దానంతట అదే తేలుతుంది. నడక ఎక్కువైతే వనరును దగ్గరకు తేవాలి. వరుస ఎక్కువైతే ఎంత దగ్గరకు తెచ్చినా ప్రయోజనం సగమే. చాలాచోట్ల అసలు దొంగ వరుసే అయినా, డబ్బు మాత్రం కొత్త బావి మీదకు పోతుంటుంది.

వరుసను లెక్క కట్టడానికి ఒక క్యానూ, ఒక గడియారమూ చాలు. ఒక చేతిపంపు దగ్గర 20 లీటర్లు నిండడానికి రెండు నిమిషాలు పట్టిందనుకుందాం. దాని మీద 40 ఇళ్లు ఆధారపడి ఉంటే, ఇంటికి ఐదు క్యాన్ల చొప్పున 200 క్యాన్లు నిండాలి. అంటే పంపు 400 నిమిషాలు, ఆరు గంటల నలభై నిమిషాలు ఆగకుండా ఆడాలి. కాగితం మీద ఇది సాధ్యమే. కానీ అందరికీ నీళ్లు కావలసింది పొద్దున వంట వేళకు, మళ్లీ సాయంత్రానికి. పొద్దున రెండు గంటల్లో ఆ పంపు 60 క్యాన్లే నింపగలదు. మిగతావాళ్లు తెల్లవారుజామున మూడింటికి లేచి వరుస కట్టడానికి కారణం ఇదే. ఇటువంటి చోట రాత్రిపూట నిండి పొద్దున నాలుగు కుళాయిల్లోకి వదిలే ఒక నిల్వ ట్యాంకు, మరో ఊటకోసం తవ్వే బావికన్నా ఎక్కువ గంటలను మిగల్చగలదు. విపత్తుల సమయంలో పాటించే స్ఫియర్ ప్రమాణాలు ఒక కుళాయికి 250 మంది, ఒక చేతిపంపుకు 500 మంది, ఇంటినుంచి 500 మీటర్లు, వరుసలో 30 నిమిషాలు మించకూడదని చెబుతాయి. అవి ప్రాణాలు నిలబెట్టే హద్దులు కనుక స్థిరమైన ఊరికి వాటిని గమ్యంగా పెట్టుకోవడం సరికాదు.

దూరం విషయంలో మరో చిత్రమైన సంగతి ఉంది. పోయి రావడానికి అరగంట దాటినప్పుడు ఇంట్లో నీటి వాడకం పడిపోతుంది. అది సుమారు 5 నుంచి 30 నిమిషాల మధ్య ఉన్నంతవరకు వాడకం పెద్దగా మారదు. కుళాయి ఇంటి ఆవరణలోకి వచ్చినప్పుడు మాత్రం ఒక్కసారిగా పెరుగుతుంది. ఇరవై నిమిషాల దూరాన్ని పది నిమిషాలకు తగ్గిస్తే ఆడవాళ్లకు సమయం మిగులుతుంది గానీ, చేతులు కడుక్కోవడానికీ పిల్లలను శుభ్రంగా ఉంచడానికీ నీళ్లు పెరుగుతాయని, జబ్బులు తగ్గుతాయని ఆశించలేం. పథకం రాసేటప్పుడు ఈ రెండు ఫలితాలనూ కలగాపులగం చేయకూడదు.

నీళ్లు శుభ్రమైనవేనా

మురికి నీటివల్ల వచ్చే విరేచనాల నష్టం మందుల ఖర్చుతో ఆగదు. జబ్బుపడ్డ పిల్లను పక్కనుండి చూసుకునే మనిషికి ఆ రోజుల కూలి కూడా పోతుంది. అందువల్ల దగ్గరితనంతోబాటు శుభ్రతనూ పరీక్షించాలి. 100 మిల్లీలీటర్ల నీటిలో, మలం కలిసిందని తెలిపే ఈ. కొలై సూక్ష్మజీవి ఒక్కటీ కనిపించకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకం. బోరు నీళ్లయితే ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు, ఆర్సెనిక్ 10 మైక్రోగ్రాములు దాటకుండా ప్రయోగశాలలో చూపించుకోవాలి. కాచితే సూక్ష్మజీవులు చస్తాయి, ఆర్సెనిక్, ఫ్లోరైడ్ మాత్రం పోవు. నీరు ఆవిరయ్యేకొద్దీ అవి ఇంకా చిక్కబడతాయి కూడా.

వనరు దగ్గర ఒకసారి, ఇంట్లో కుండలోనో క్యానులోనో ఒకసారి, రెండుచోట్లా పరీక్ష చేయండి. కెన్యాలో ఊటల చుట్టూ కట్టడాలు కట్టి కాపాడినప్పుడు ఊట దగ్గర మలసంబంధ కాలుష్యం 66 శాతం తగ్గినా, ఇళ్లలోని నీళ్లు అంతగా మెరుగుపడలేదని, దారిలోనూ నిల్వలోనూ మళ్లీ కలుషితమయ్యాయని 2011లో ప్రచురితమైన పరిశోధన చూపింది. అయినప్పటికీ పిల్లల విరేచనాలు నాలుగో వంతు తగ్గాయి. ఇంట్లో మూత ఉన్న, మూతి ఇరుకైన, కింద కుళాయి ఉన్న పాత్ర వాడితే చేయి ముంచే అవసరం ఉండదు. క్లోరిన్ కలిపితే కనీసం 30 నిమిషాలు ఆగి, లీటరుకు 0.2 నుంచి 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ ఇంకా మిగిలి ఉందో లేదో చూసుకోవాలి. మడ్డిగా ఉన్న నీళ్లలో క్లోరిన్ సరిగా పనిచేయదు, ముందుగా తేర్చాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక. "ఇంట్లో కాచుకుని తాగండి" అన్న సలహా ఉచితమైనదిగా కనిపిస్తుంది. ఆ కాచే కట్టెలను ఏరేది, పొయ్యి దగ్గర కూర్చునేది, వడపోత పరికరాన్ని కడిగేది చాలా ఇళ్లలో నీళ్లు మోసిన మనిషే. ఒక చేత్తో ఆమెకు గంట మిగిల్చి మరో చేత్తో లాక్కునే పరిష్కారాలు ఇవి. క్లోరిన్‌ను ట్యాంకులోనో, నీళ్లు పట్టుకునే చోటనో కలిపితే ఇంట్లో పని పెరగదు.

నీళ్లు పట్టే చోటును కట్టేటప్పుడు

నమూనా గీసే ఇంజనీరును పని మొదలవకముందే ఒక పొద్దున ఆ చోట నిలబెట్టండి. బిందెను నేలమీదనుంచి తలమీదకు ఎత్తుకోవడంలోనే నడుము పట్టేస్తుంది. నడుము ఎత్తున ఒక దిమ్మ కట్టి, కుళాయిని దానికి తగ్గట్టు పైన పెడితే నిండిన పాత్రను వంగకుండానే తీసుకోవచ్చు. పిల్లలకు అందేలా కింద మరో కుళాయి ఉండాలా వద్దా అన్నది చర్చించాల్సిన విషయమే. ఉంటే పిల్లలనే పంపుతారన్న భయం ఉంది, లేకపోతే ఎలాగూ పంపిన పిల్లలు ఇబ్బందిపడతారు. నాకైతే ఉండడమే మేలనిపిస్తుంది. దారిలో వెలుతురు, చుట్టూ బురద చేరకుండా కాలువ, పక్కన ఉతుక్కునే బండ, నాలుగు వైపులనుంచీ కనపడే స్థలం తప్పనిసరి. పైకప్పు, రంగులు, ప్రారంభోత్సవ ఫలకం తరవాత చూసుకోవచ్చు.

ధర ఎవరికి ఎంత పడుతోంది

కుళాయి కనెక్షన్ లేని పేద ఇల్లు నీళ్లు కొనుక్కుంటే, లీటరు లెక్కన చూసినప్పుడు కుళాయి ఉన్న ఇంటికన్నా చాలా ఎక్కువ చెల్లిస్తుంది. అందుచేత నెలవారీ బిల్లుకన్నా ముందు అడ్డుపడేది కనెక్షన్ కోసం ఒకేసారి కట్టాల్సిన మొత్తం. దాన్ని వడ్డీలేని వాయిదాల్లోకి మార్చితే కథ మారుతుంది. మొరాకోలోని టాంజియర్‌లో అప్పు మీద కనెక్షన్ ఇవ్వజూపినప్పుడు పేద కుటుంబాలు పెద్ద సంఖ్యలో ముందుకొచ్చాయి. వాడకం పెరిగేకొద్దీ ధర పెంచే పద్ధతి న్యాయంగా కనిపిస్తుంది గానీ, మూడు నాలుగు కుటుంబాలు ఒకే కుళాయిని పంచుకునే చోట వాళ్ల వాడకమంతా ఒకే మీటరులో చేరి, పేదవాళ్లే పై ధరలోకి పడిపోతారు. రేట్లు నిర్ణయించేముందు ఒక మీటరు మీద ఎన్ని కుటుంబాలున్నాయో తప్పక అడగాలి.

తాళంచెవి ఎవరి దగ్గర

నీటిని సమకూర్చడంలో, నిర్వహించడంలో, కాపాడడంలో స్త్రీలది కేంద్ర పాత్ర అని నీటిపై జరిగిన అంతర్జాతీయ సమావేశంలో వెలువడిన 1992 డబ్లిన్ ప్రకటన చెప్పింది. సురక్షితమైన తాగునీటిని మానవ హక్కుగా ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 2010 జులై 28న గుర్తించింది. ఆ మాటలు సంఘం సమావేశంలోకి వచ్చేసరికి హాజరు పట్టికలో సగం ఆడవాళ్ల పేర్లుగా మిగిలిపోతుంటాయి. పేర్లను లెక్కపెట్టవద్దు. డబ్బు పెట్టె ఎవరి దగ్గర ఉంది, నీళ్లు వదిలే వేళ ఎవరు నిర్ణయిస్తున్నారు, పంపు చెడిపోతే మరమ్మతు నేర్చుకున్నది ఎవరు, విడిభాగాలు కొనడానికి సంతకం ఎవరిది అన్న నాలుగు ప్రశ్నలు వేయండి. అధికారం ఆడవాళ్ల చేతికి వస్తే నిర్ణయాలు నిజంగానే మారతాయి. భారతదేశంలో పంచాయతీ అధ్యక్ష పదవిని మహిళలకు రిజర్వు చేసిన చోట్ల తాగునీటి మీద ఖర్చు పెరిగిందని రాఘబేంద్ర ఛటోపాధ్యాయ, ఎస్తేర్ డఫ్లో పశ్చిమ బెంగాల్, రాజస్థాన్‌లలో జరిపి 2004లో ప్రచురించిన పరిశోధన తేల్చింది.

అయితే ఇందులోనూ ఒక ఉచ్చు ఉంది. ఆడవాళ్లను భాగస్వాములను చేస్తున్నామంటూ పంపు చుట్టూ ఊడవడం, చందా వసూలు చేయడం, తాళం వేయడం అన్నీ వాళ్లకే జీతం లేకుండా అప్పగిస్తారు. మగవాడు చేస్తే జీతం ఇచ్చే పనికి ఆడమనిషి చేసినా ఇవ్వాలి. సమావేశాలు కూడా నీళ్లు పట్టే వేళకూ వంట వేళకూ తగలకుండా పెట్టుకోవాలి.

మిగిలిన గంటలు ఏమయ్యాయి

నిధులిచ్చేవారికి పంపే దరఖాస్తుల్లో "ఆదా అయిన సమయంతో మహిళల ఆదాయం పెరుగుతుంది" అన్న వాక్యం తప్పకుండా కనిపిస్తుంది. అది దానంతట అది జరగదు. పైన చెప్పిన టాంజియర్ కనెక్షన్ల మీద జరిగిన పరిశోధన 2012లో ప్రచురితమైంది. అక్కడ ఇంటికి కుళాయి వచ్చాక నీటి జబ్బులు తగ్గలేదు, ఎందుకంటే అంతకుముందు వీధి కుళాయిల్లో వచ్చే నీళ్లూ శుభ్రమైనవే. సంపాదన కూడా పెరగలేదు. మిగిలిన కాలం విశ్రాంతికీ, నలుగురితో కలిసి గడపడానికీ వెళ్లింది. నీళ్లకోసం ఇంట్లోనూ ఇరుగుపొరుగుతోనూ వచ్చే గొడవలు తగ్గాయి, జీవితం మీద సంతృప్తి పెరిగింది. దీన్ని వైఫల్యంగా రాసేవాళ్లున్నారు. ఏళ్ల తరబడి నిద్ర చాలని మనిషి ఇంకో గంట నిద్రపోయిందంటే అది పథకం ఫలితంగా రాసుకోదగిందేనని నేను అనుకుంటాను.

ఆదాయమే కావాలంటే గంటతోపాటు మరికొన్ని సమకూర్చాలి. ఇంటికి దగ్గరలో పని, బిడ్డను చూసుకునేవాళ్లు, కొద్దిపాటి పెట్టుబడి, తయారు చేసినది అమ్ముకునే చోటు ఉండాలి. పెరటి కూరగాయలకో, పశువులకో, ఇంటిలో నడిపే చిన్న వంట వ్యాపారానికో నీళ్లు కావాలంటే ఆ లీటర్లను మొదటినుంచే లెక్కలో చేర్చాలి. తాగడానికని మనిషికి 20 లీటర్లు కేటాయించి, ఆ పైన పాడి లాభాలు వస్తాయని రాస్తే కుదరదు. ఐక్యరాజ్యసమితి సూచించే 50 నుంచి 100 లీటర్ల కొలత కూడా ఇంటి అవసరాలకే. ఇక ఆడపిల్లల చదువు విషయంలో ఫలితం కొంత నేరుగానే కనిపిస్తుంది. ఘనాలో నీళ్లు తెచ్చే సమయం సగానికి తగ్గితే ఆడపిల్లల బడి హాజరు సగటున 2.4 శాతం పాయింట్లు పెరుగుతుందని సెలీన్ నోజ్, యోన్ స్ట్రాండ్ లెక్క కట్టారు.

ఏర్పాటు పూర్తయిన ఏడాదికి, మొదట కొలిచిన నెలలోనే, మొదట అడిగిన ఇళ్లకే మళ్లీ వెళ్లండి. అవే ప్రశ్నలు, అదే గడియారం. పంపు పక్కన ఒక పుస్తకం పెట్టి, అది చెడిపోయిన తేదీ, బాగైన తేదీ రాయించండి. ఆ రెండు తేదీల మధ్య రోజుల్లో ఆడవాళ్లు పాత దారినే నడిచారు కనుక, ఆ రోజుల గంటలనూ ఏడాది లెక్కలో కలపాలి. విడతలు తగ్గినా గంటలు తగ్గకపోతే వరుసను చూడండి. గంటలు తగ్గినా నీళ్లు పెరగకపోతే ఇంటికి ఎంత దూరంలో కుళాయి ఆగిపోయిందో చూడండి. రెండూ బాగుండి కూడా ఆమె ఇంకా తెల్లవారుజామున మూడింటికే లేస్తుంటే, నీళ్లు వదిలే వేళను ఎవరు నిర్ణయించారో కనుక్కోండి.